నీసు వాసన వచ్చే ఉద్యోగం

మా అత్తగారు నా ఉద్యోగం పేరు చివరిదాకా నోటితో పలకలేదు. ఎవరైనా అడిగితే "మా కోడలు సర్కారు పని చేస్తాది" అని, రెండో ప్రశ్న రాకముందే వాళ్ళ చేతిలో కాఫీ గ్లాసు పెట్టేది. చింతామణిలో తరతరాలుగా బెల్లం, చింతపండు, శనగపప్పు అమ్ముకుని బతికిన ఇల్లు మాది. కోడిగుడ్డు మా గడప ఎలా ఉంటుందో చూడలేదు. అలాంటి ఇంటి కోడలు పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని, బస్సెక్కి, చేపల దగ్గరికీ రొయ్యల దగ్గరికీ పోతుందని చుట్టాలకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా! జువాలజీ చదివిన పిల్లను ఏరి కోరి చేసుకున్నప్పుడే, ఆ చదువు ఏదో ఒక రోజు ఏదో ఒక ప్రాణి మీదికి పోతుందని వాళ్ళు ఊహించి ఉండాల్సింది.

సాయంత్రం ఇంటికి వస్తే పెరటి దారిన రావాలి. అక్కడ బకెట్టు, సున్నిపిండి, వేరే చీర సిద్ధంగా ఉండేవి. స్నానం చేసినా సరే, ఆ పూట వంటింట్లో అడుగు పెట్టకూడదు. మరుసటి రోజు పొద్దున కూడా "నిన్నటి నీసు ఇంగా పోలేదు. స్నానానికి పోయే వాసనా అది?" అని ఆవిడే పొయ్యి ముట్టించేది. శనివారం కైవారం గుడికి పోయి, నా తరఫున కూడా దేవుడికి ఒక దండం పెట్టి వచ్చేది. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. కొన్నాళ్ళకు బుద్ధి వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ పొద్దున్నే దోసెల పెనం ముందు నిలబడిన దాన్ని, ఇప్పుడు కుర్చీలో కూర్చుని, పేపరు చదువుకుంటూ, ఆవిడ చేతి ఉప్మా తింటున్నాను. తర్వాత్తర్వాత సెలవు రోజున కూడా నేనే దగ్గరికి పోయి, "అత్తా, నా మీద ఇంకా వాసన వస్తాండాదేమో చూడు" అనేదాన్ని. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "పో పో, ఆ పక్క కూర్చో" అనేది. హాయిగా పోయి కూర్చునేదాన్ని.

నా ఉద్యోగానికి సమన్వయకర్త అని పేరు. చేపలు, రొయ్యలు పెంచడం మీద పెద్దవాళ్ళు చేసిన పరిశోధనను పల్లెలకు తేవడం, పల్లెల్లో జరిగేదాన్ని పెద్దవాళ్ళకు చెప్పడం, నీళ్ళూ నేలా పాడవకుండా ఇదంతా సాగేలా చూడడం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. అసలు పని ఏమిటంటే, ఒకరి మొహం ఒకరు చూడడానికి ఇష్టపడని నలుగురిని ఒకే గదిలో కూర్చోబెట్టి, వడలు అయిపోయేలోపు ఏదో ఒకదానికి ఊ అనిపించడం. అప్పటికింకా జిల్లా చీలలేదు, మేమంతా కోలారు కిందే ఉన్నాం. చిక్కబళ్ళాపురంలో రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో నేను, రెండో గదిలో వలలు.

ఆ పథకాన్ని సముద్రం పక్కన ఉండేవాళ్ళ కోసం రాసినట్టున్నారు. అందులో చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు అన్నీ ఉన్నాయి. అది మా గుట్టల మధ్యకు ఎలా వచ్చి పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా పక్క పారే నది లేదు, కాలువ లేదు. వాన పడితే చెరువు, పడకపోతే బోరు, బోరు కూడా ఎండితే బెంగళూరు బస్సు. అలాంటి చోట ఆల్చిప్పల పెంపకంలో ఎంత ప్రగతి సాధించారని పైనుంచి అప్పుడప్పుడూ అడుగుతూ ఉండేవాళ్ళు. "పరిశీలనలో ఉంది" అని చెప్పేదాన్ని. పాపం ఆ ఆల్చిప్పలు, నేను ఆ ఉద్యోగం మానేదాకా పరిశీలనలోనే ఉండిపోయాయి.

మొదటి పెద్ద సభ చిక్కబళ్ళాపురంలోనే పెట్టాను. బాగేపల్లి పక్క చెరువుల్లో చేపలు పట్టుకునే సంఘం అధ్యక్షుడు వచ్చాడు. అవే చెరువుల కింద వరి పెట్టే రైతులు వచ్చారు. శిడ్లఘట్ట నుంచి పట్టుగూళ్ళు ఉడికించి నూలు తీసే రీలరు ఒకాయన వచ్చాడు. మీనుగారికె ఇలాఖె, అంటే చేపల శాఖ నుంచి ఒక అధికారి వచ్చి, మొదటి వరసలో కూర్చుని, వెంటనే నిద్రపోయాడు. బెంగళూరు నుంచి సైంటిస్టు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, లోకంలో అందరూ తనలాగే రొయ్యల్ని ప్రేమిస్తారని నమ్మే మనిషి.

నేను స్వాగతం చెప్పడం పూర్తి కాకముందే పోట్లాట మొదలైంది.

"మీరు తూము ఎత్తి నీళ్ళన్నీ వదిలితే మా చేపలు యాడ పోవాల?" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"ఎత్తకపోతే మా వరి యాడ పోవాల?" అన్నాడు ఒక రైతు. "నీ చేపకు కాళ్ళు లేవు, నా వరికీ లేవు. నువ్వే చెప్పప్పా."

"చేప చస్తే కంపు కొడతాది. వరి చస్తే కంపు కొడతాదా?"

"అయితే కంపు కొట్టేదానికే నీళ్ళు ఇయ్యాలా?"

ఈ వాదంలో ఎవరు గెలిచారో నాకు తెలియదు. "అప్పా, కూర్చోండప్పా, వడ తినండప్పా" అని నేను అందరి మధ్యా తిరుగుతున్నాను. ఆ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మాట అదే.

చివరికి సైంటిస్టు లేచి బోర్డు మీద ఒక గుండ్రం గీశాడు. నూలు తీశాక గూళ్ళలో మిగిలే చచ్చిన పురుగును ఎండబెట్టి పొడి చేస్తే రొయ్యకు మంచి మేత అన్నాడు. రొయ్యలు పెరిగిన గుంటలో నీళ్ళు మల్బరీ తోటకు మంచి ఎరువు. మల్బరీ ఆకు పట్టుపురుగుకు మేత. ఒకదాని నుంచి ఒకదానికి బాణాలు వేశాడు. ఏదీ పారేయక్కర్లేదు, నీళ్ళు వృథా కావు. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. రీలరు కూడా నిటారుగా కూర్చున్నాడు. ఆ చచ్చిన పురుగుల కంపు మీద వీధిలో వాళ్ళతో ఆయనకు రోజూ గొడవేనట. కంపును మోసుకుపోయేవాళ్ళుంటే బండి కూడా తానే మాట్లాడి పంపిస్తానన్నాడు. ఆ బండి ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

అంతా బాగానే ఉంది గానీ, మొదట ఎవరో ఒకరు తమ మల్బరీ తోటలో కొంత పీకేసి, గుంట తవ్వి, రొయ్యలు వదలాలి. ఆ మాట చెప్పగానే గదిలో అందరికీ ఒక్కసారిగా బస్సు టైము గుర్తొచ్చింది.

అప్పుడు వెనక వరస నుంచి ఒకామె లేచింది. దిబ్బూరహళ్ళి నుంచి మొగుడితో కలిసి వచ్చింది. నా ఈడుదే. సభ జరుగుతున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉంది.

"సార్, ఈటికి పొడి రాలతాదా?" అని అడిగింది.

సైంటిస్టుకు అర్థం కాలేదు.

"పురుగుల దగ్గర లేస్తాదే సార్, గాల్లో పొడి. ముక్కులోకి పోయే పొడి. రొయ్యకు అట్లాంటిది ఉంటాదా?"

"లేదమ్మా, ఇది నీళ్ళలో ఉండేది. పొడి ఎలా వస్తుంది?"

"అయితే మేం తవ్వుతాం" అనింది. పక్కన కూర్చున్న మొగుడు నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆ నోరు సభ అయిపోయేదాకా మూతపడలేదు.

ఆమె అలా ఎందుకు అడిగిందో దిబ్బూరహళ్ళి పోయాక తెలిసింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో పురుగుల పని ఆమెదే. ఇంటి వెనక పురుగుల కోసమే కట్టిన పొడుగాటి కొట్టం. ఆకు తరగడం, తట్టలు మార్చడం, పెంట తీయడం, పంటకూ పంటకూ మధ్య కొట్టమంతా బ్లీచింగుతో కడగడం. ఆ పొడీ ఆ ఘాటూ కలిసి ఆమెకు ఉబ్బసం తెచ్చిపెట్టాయి. కొట్టంలోకి పోవడం మానకపోతే ఊపిరి నిలవదని శిడ్లఘట్ట డాక్టరు చెప్పాడు. "ఆ డాక్టరు ఎప్పుడన్నా పురుగును చూసినాడా?" అని ఆమె మామ కొట్టిపారేశాడు.

మామ చెడ్డవాడు కాదు. పట్టుగూళ్ళ మీదే మిద్దె కట్టాడు, కొడుకును కాలేజీకి పంపాడు, కోర్టులో దాయాదుల మీద గెలిచాడు. పురుగు కాకుండా ఇంకోదాన్ని నమ్ముకుని కూడా బతకొచ్చని ఆయనకు ఎవరూ చూపించలేదు. కోడలు దగ్గితే ఆయనకూ బాధగానే ఉండేది. మిరియాల కషాయం తానే కాచి తెచ్చి, దగ్గర నిలబడి తాగించేవాడు. తాగాక, "పో తల్లీ, పురుగులకు ఆకేసి రా" అనేవాడు.

గుంటకు ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఒక్క పంట చూస్తాడు. "బాగా వస్తే పురుగులు మానేస్తాం, నువ్వు రొయ్యలే చూసుకో. రాలేదా, గుంట పూడ్చేసి మల్బరీ నాటాల. మళ్ళా మునుపటి మాదిరే తోటంతా, పురుగులంతా. నువ్వే చేయాల" అన్నాడు. అప్పటిదాకా మిగిలిన సగం తోటకు సగం పురుగులు, ఆ పనీ ఆమెదే. "సరే మామా" అనింది. మొగుడు కూడా సరే అన్నాడు. ఆయన ఎవరు ఏమన్నా సరే అనే మనిషి.

నేను మొదటిసారి వాళ్ళ ఇంటికి పోయినప్పుడు బాగేపల్లి చెరువుల మీద తిరిగి తిరిగి అట్నుంచి అటే పోయాను. గేటు తీయబోతుంటే మామ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆగమ్మా! ఆడే నిలబడు. యాడి నుంచి వస్తాండావు?"

"బాగేపల్లి చెరువు కాడి నుంచప్పా."

"అదే అనుకుంటి. నీసు! లోపల పురుగులు జ్వరంలో ఉండాయి. నీ వాసన తగిలితే లేచినాక ఆకు ముట్టవు."

పట్టుపురుగు పాత చర్మం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. కొట్టంలో ఉన్న పురుగులన్నీ ఒకేసారి జ్వరంలో పడతాయి, ఒకేసారి లేస్తాయి. పడుకున్నప్పుడు ఆకు వేయకూడదు, సున్నం పొడి చల్లాలి, చప్పుడు చేయకూడదు. ఇక వాసనల సంగతి చెప్పక్కర్లేదు. కొట్టం పక్కన తిరగమోత వేయకూడదు, బీడీ కాల్చకూడదు, నీసు అసలు రాకూడదు. పురుగులున్నన్ని రోజులు ఆ ఇంట్లో చేపల కూర మాటే ఎత్తరు. మిగతా రోజుల్లో లొట్టలేసుకుని తింటారు. చేపలు తినే ఆ ఇంటి గేటు బయట, పుట్టి బుద్ధెరిగాక చేప ముక్క నోట పెట్టని నన్ను, నీసు వాసన వస్తోందని నిలబెట్టారు. మా ఇంట్లో పెరట్లో నిలబెడతారు, ఇక్కడ వీధిలో. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆమె నాకు కాఫీ తోట గట్టు దగ్గరికే తెచ్చింది. గట్టు మీద కూర్చుని మా అత్తగారి కథ చెప్పాను. పెరట్లో బకెట్టు, సున్నిపిండి, కైవారం దండం, స్నానం చేసినా మరుసటి రోజు దాకా వంటింట్లోకి రానివ్వకపోవడం, అన్నీ. "మొదట ఏడ్చినా. ఇప్పుడు పనిగట్టుకోని వాసన పూసుకుంటా. ఉప్మా కూర్చున్న చోటికే వస్తాండాది" అన్నాను. ఆమె పగలబడి నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే దగ్గు వచ్చింది. దగ్గు వచ్చిందంటే అంత తొందరగా పోదు, కళ్ళలో నీళ్ళు తిరిగి, గట్టు పట్టుకుని వంగిపోయింది. నేను వీపు నిమురుతూ, ఇంక నవ్వు మాటలు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు మళ్ళీ పోయినప్పుడల్లా తప్పాను, ఎందుకంటే ఆమెకు నవ్వడమంటే ఇష్టం. నవ్వినప్పుడల్లా అంతే, సగం నవ్వు, తర్వాత దగ్గు. నేను మాట ఆపి, దగ్గు తగ్గేదాకా ఆగి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

గుంట తవ్వారు. బోరు నీళ్ళు నింపారు. నెల్లూరు పక్క నుంచి రొయ్య పిల్లలు గాలి నింపిన సంచుల్లో వచ్చాయి, వెంట్రుకల్లాంటి పిల్లలు. సైంటిస్టు వాటిని తన చేత్తోనే వదిలాడు. మామ దూరం నుంచి చూసి, "కనపడనే కనపడవు. వీటికా మల్బరీ పీకింది!" అని గొణుక్కున్నాడు.

మేత సంగతి నా నెత్తిన పడింది. రీలరు పంపుతానన్న బండి రాదని తేలిపోయాక, ఎండిన పురుగుల మూటను నేనే శిడ్లఘట్టలో బస్సెక్కించాను. బస్సు పేట దాటకముందే కండక్టరు వాసన పట్టుకుని వచ్చాడు.

"ఏముందమ్మా ఇందులో?"

"మందులప్పా."

"ఏం మందు?"

"రొయ్యలకు బలానికి."

ఆయన మూట విప్పి చూశాడు. ఆ తర్వాత బస్సులో ఒక్కొక్కరుగా అందరూ చూశారు, ఎందుకు చూశామా అని ఒక్కొక్కరుగా బాధపడ్డారు. ఒక పెద్దాయన "దించండప్పా ఆమెను" అన్నాడు. మూటతో సహా దించేశారు. నేను రోడ్డు పక్కన మూట మీద కూర్చుని, ప్రాంతీయ సమన్వయం అంటే ఇదే కాబోలు అనుకున్నాను. టమాటా టెంపో ఒకటి ఆపి దిబ్బూరహళ్ళి చేరాను. టెంపో డ్రైవరుకు జలుబు చేసి ఉండడం నా అదృష్టం.

రొయ్యలు పెరిగాయి. గట్టు మీద నిలబడి చూస్తే నీళ్ళలో మీసాలు కదిలేవి. ఆమె పొద్దున పురుగుల పని ముగించి, మధ్యాహ్నం గుంట దగ్గరికి పోయి మేత వేసి, తర్వాత తలస్నానం చేసి చీర మార్చుకుని మళ్ళీ కొట్టంలోకి పోయేది. రోజూ తలస్నానమే. అయినా మొహంలో ఒక వెలుగు వచ్చింది. "ఈడ కూర్చుంటే ఊపిరి ఆడతాండాదమ్మా" అనేది. నాకు చాలా సంతోషంగా ఉండేది. ఈ ఉద్యోగంలో ఒక మనిషికైనా మంచి జరుగుతోందని మొదటిసారి అనిపించింది.

మధ్యలో మిగతా తాలూకాల్లో సభలు, వడలు, తూము పోట్లాటలు ఉండి, కొన్ని వారాలు అటు పోలేకపోయాను. మళ్ళీ పోయిన రోజు, గుంట చుట్టూ కంప వేసి ఉంది. గట్టు అంచునంతా సున్నం పొడి. మామ చెప్పులు చేతిలో పట్టుకుని పిల్లిలా నడిచి వచ్చాడు.

"మెల్లగా మాట్లాడమ్మా. రొయ్యలు జ్వరంలో ఉండాయి."

ఆమె నీళ్ళ అంచు నుంచి ఖాళీ రొయ్య పొట్టును తెచ్చి గర్వంగా నా చేతిలో పెట్టింది. అద్దంలా పల్చగా, మీసాలతో సహా ఉంది. "ఈటికీ జ్వరం వస్తాదని ఎవురూ చెప్పలేదు చూడు. నేనే కనుక్కుంటి. పొట్టు కనపడినప్పుడల్లా మేత నిలిపేసి, సున్నం చల్లతాండా. ఒక్కో తూరి రెండు మూడు దినాలు చప్పుడు చేయకుండా వదిలేస్తాండాం" అనింది.

ఎందుకో తెలియదు గానీ ఏదో తేడాగా తోచింది. ఫోనుకు సిగ్నల్ దొరికేది చెరువు కట్ట మీదే. కట్ట మీదికి పరిగెత్తి, ఎత్తయిన రాయి ఎక్కి, సైంటిస్టుకు ఫోను చేశాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత చెప్పాడు. రొయ్య కూడా పొట్టు విడుస్తుంది, విడిచాక ఒళ్ళు మెత్తగా అవుతుంది, అంతవరకూ నిజమే. కానీ పురుగుల్లా అన్నీ ఒకేసారి విడవవు. ఈ రోజు కొన్ని, రేపు కొన్ని. మేత లేకపోతే, గట్టిగా ఉన్నవి ఆకలితో మెత్తగా ఉన్నవాటిని తినేస్తాయి. సున్నంతో నష్టం లేదట, మంచిదేనట. "మేత ఆపకూడదని చెప్పాలని నాకెలా తోస్తుంది మేడమ్? ఎవరు ఆపుతారు?" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఎవరు ఆపుతారంటే, పుట్టినప్పటి నుంచి పురుగుల మధ్య పెరిగినవాళ్ళు ఆపుతారు. జ్వరంలో ఉన్నదాని మీద ఆకు పడితే పంట పోతుందని తల్లి దగ్గర నేర్చుకుని, అత్తింట్లో నిలబెట్టుకున్న మనిషి ఆపుతుంది. ఆ మాట నేనే వచ్చి ఆమెకు చెప్పాలి. చెప్పాను. ఆమె నా చేతిలో పొట్టును తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"అయితే ఇది విడిచిన రొయ్య కాదు. తినిపోయినాక మిగిలింది" అనింది.

"ఇది విడిచిందే కావచ్చు. ఎట్ల తెలుస్తాది?" అన్నాను. ఓదార్చడం నాకు ఎప్పుడూ చేతకాదు.

ఆ రోజు నుంచీ మేత వేసింది. గుంటలో ఎన్ని మిగిలాయో నీళ్ళు తీస్తే గానీ తెలియదు. నీళ్ళు తీసే రోజుకు అందరినీ పిలవాలని పథకంలోనే ఉంది. నేను వద్దని మొత్తుకున్నా పైవాళ్ళు వినలేదు. షామియానా వేశారు. బాగేపల్లి సంఘం అధ్యక్షుడు, వరి రైతులు, రీలరు, అధికారి, అందరూ వచ్చారు. ఇంజను పెట్టి గుంట నీళ్ళను మల్బరీకి మళ్ళించారు. ఆమె చీర ఎగ్గట్టి, మోకాలి లోతు బురదలో నిలబడి, నీళ్ళ వైపు తప్ప ఎటూ చూడలేదు.

వల లాగారు. వలలో రొయ్యలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చనిపించేంత కొన్నే ఉన్నాయి. కానీ ఆ ఉన్నవి! ఒక్కొక్కటి మూర పొడుగు, పటకారుల్లాంటి నీలి కొండీలు చాచి, ఊరి పెద్ద మనుషుల్లా మీసాలు తిప్పుతున్నాయి. తోటివాళ్ళను తిని బలిసిన ఒళ్ళు అది. సైంటిస్టు టేపు పట్టుకుని ఒకదాన్ని కొలిచి, "అద్భుతం, అద్భుతం" అని బురదలో గంతులేశాడు. నాకు ఆయన్ను అక్కడే తొక్కేయాలనిపించింది. అధికారి నిద్ర లేచి, దగ్గరికి వచ్చి చూశాడు. సంఘం అధ్యక్షుడు "ఇంత రొయ్యను నేను పుట్టాక చూడలేదప్పా" అన్నాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. బుట్ట అడుగు కూడా నిండలేదన్నది ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు, మామకూ, కోడలికీ, నాకూ తప్ప.

మామ బుట్టలోకి వంగి చూశాడు. గోల చేయలేదు, తిట్టలేదు. "పెద్దవే. అయితే పెద్ద రొయ్య ఒకటి ఇంటిని సాకదు కదమ్మా" అన్నాడు నాతో మెల్లగా. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "మాట ప్రకారం వచ్చే వారం గుంట పూడ్చేస్తాం. నువ్వు పోయి కాళ్ళు కడుక్కో. పురుగులు ఆఖరి జ్వరం లేచి, ఆకు కోసం తలలు ఎత్తుకోని ఉండాయి."

ఆఖరి జ్వరం లేచిన పురుగు తినే తిండి అంతా ఇంతా కాదు. పొద్దస్తమానం కొట్టంలోనే ఉండాలి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, షామియానా కింద అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను. మొగుడు యథాప్రకారం నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఆమె బురదలోంచి పైకి వచ్చింది. బుట్టలో చేతులు పెట్టి, రొయ్యలను కలియబెట్టి, ఆ తడిని మోచేతుల దాకా పూసుకుని, అన్నిటికన్నా పెద్ద రొయ్యను పట్టుకుని, దాంతోనే ఇంటి వైపు నడిచింది. మేమంతా వెనకే పోయాం. కొట్టం గుమ్మం ముందు ఆగి, తడిచేయి తలుపు మీద పెట్టబోయింది.

"ఏయ్, ఏం చేస్తాండావు! నీసు!" అని మామ అరిచాడు.

"అవును మామా, నీసే. ఈ చేతుల్తో లోపలికి పోగూడదు కదా?"

"స్నానం చేసి పో."

"చేసినా పోదంట మామా. చింతామణిలో ఈ అమ్మ వాళ్ళ ఇంట్లో గుడ్డు కూడా తాకరు. అంత మడి ఇల్లు. ఆ పెద్దమ్మే చెప్పింది, తలస్నానం చేసినా మరుసటి రోజు దాకా నీసు వదలదని. అడుగు కావాలంటే."

అందరూ నా వైపు తిరిగారు. నా జన్మలో మా అత్తగారి మాటను అంత గట్టిగా ఎప్పుడూ సమర్థించలేదు. "నిజమేనప్పా. స్నానానికి పోయే వాసన కాదు అది. మా అత్త ముక్కుకు తెలియనిది లేదు" అన్నాను. మామ మొహంలో లెక్క తప్పిన చూపు కనబడింది. మడి ఇళ్ళంటే ఆయనకు భక్తి. అంతకన్నా పురుగులంటే భయం. రోజూ ఆమె గుంట నుంచి వచ్చి స్నానం చేసి లోపలికి పోతున్నప్పుడు పురుగులకు ఏమీ కాలేదన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు తోచలేదు. నేను గుర్తు చేయలేదు.

లోపల పురుగులు ఆకు కోసం ఎదురుచూస్తున్నాయి. మామ కొడుకు వైపు చూశాడు. కొడుకు నోరు మూసుకున్నాడు. ఇద్దరూ పంచెలు ఎగ్గట్టుకుని కొట్టంలోకి పోయారు.

గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయాక మళ్ళీ వాళ్ళ ఇంటికి పోయాను. అరుగు మీద మామ తువ్వాలు ముక్కుకు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళ నిండా ఆకు తరిగిన గాట్లు. నన్ను చూసి ఏదో అనబోయి దగ్గాడు. దగ్గీ దగ్గీ, కళ్ళు తుడుచుకుని, "ఆ పొడి మంచిది కాదమ్మా" అన్నాడు, తానే కొత్తగా కనిపెట్టినట్టు. తువ్వాలు మళ్ళీ బిగించుకుని, "ఆ రొయ్య పిల్లలు మళ్ళా ఎప్పుడొస్తాయి?" అని అడిగాడు.

"గుంట పూడ్చలేదా అప్పా?"

"పూడ్చేదానికి తీరిక యాడుండాది?"

గుంట గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన బట్టలుతికే సిమెంటు తొట్టి. అందులో ఆ రోజు పట్టుకుపోయిన నీలి కొండీల రొయ్య, రాజులా తిరుగుతోంది. పొద్దున లేవగానే వచ్చి, అందులో చేతులు ముంచుకుని, ఆ తడి చేతుల్తోనే మామకు కనబడేలా ఒకసారి కొట్టం ముందు నుంచి పోయి వస్తుందట.

"మీ అత్త చెప్పిన మందమ్మా ఇది" అని ఆమె గట్టిగా నవ్వింది. నేను అలవాటు కొద్దీ మాట ఆపి, దగ్గు వచ్చి పోయేదాకా ఆగాను. ఆమె నవ్వి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నవ్వింది. దగ్గు రాలేదు.

"ఏమ్మా, అట్ల చూస్తాండావు?" అనింది.